ఉతుకుడు సెక్షన్

"ఫ్యాక్టరీ బట్టలు మెషిన్‌లో వెయ్యకు, పాడైపోతుంది" అని ఆయన అన్నది పెళ్లయిన మూడో వారంలో. పాడైపోయేది బట్టలు కాబోలనుకుంది ఆమె. కాదు, మెషినే. రంగుల్లో కలిపే థిన్నర్ తగిలితే దాని రబ్బర్లు ఉబ్బిపోతాయట. పసుపు రంగు పొడి లోపల పట్టుకుందంటే ఇంక వదలదట. ఐదేళ్ల గ్యారంటీ ఉన్న వస్తువు, ఇలాంటి పనులకి వాడితే ఆ గ్యారంటీ చెల్లదట. అందుకని మెషిన్‌కి గుడ్డ కప్పి ఓ మూల భద్రంగా కూర్చోబెట్టి, పద్నాలుగేళ్లుగా ఆయన యూనిఫారం రోజుకో జత చొప్పున ఆమె చేత్తో ఉతుకుతోంది. మొదటి బకెట్ ముదురు పసుపుగా వస్తుంది, రెండోది లేత పసుపుగా. మూడో బకెట్లో నీళ్లు నీళ్లలా కనిపిస్తే ఆ పూటకి ఆమె గెలిచినట్టు. ఆ గెలుపు చూసేవాళ్లు ఎవరూ లేరు గానీ, మనిషన్నాక ఏదో ఒకటి చూసుకుని గర్వపడకపోతే ఎలా?

ఆయన రంగుల ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరు. ఏ మాటైనా 'జాగ్రత్త'తోనే మొదలుపెడతారు కాబట్టి అక్కడ అందరూ ఆయన్ని జాగ్రత్తగారు అంటారు, ఎదురుగానే అంటారు. ఆయన దాన్ని బిరుదు కింద తీసుకున్నారు. ఇంట్లోనూ అదే వరస. చాకు పిడి ఎటు తిరిగి ఉండాలి, మెట్లు దిగేటప్పుడు ఏ చెయ్యి కమ్మీ మీద ఉండాలి, వేడి టీ కప్పు బల్ల అంచుకి ఎంత దూరంలో పెట్టాలి, అన్నిటికీ ఆయన దగ్గర ఓ లెక్క ఉంది. ఓసారి ఆమె స్టూలెక్కి బల్బు మారుస్తుంటే, ఆయన పేపరు పక్కన పడేసి లేచొచ్చి, ఇంకో మనిషి స్టూలు పట్టుకోకుండా ఎత్తు మీద పని చెయ్యకూడదని పది నిమిషాలు చెప్పారు. పట్టుకోలేదు, చెప్పారు. ఆమె అంతా విని, బల్బు మార్చి, దిగింది.

ఫ్యాక్టరీ గేటు పక్కన 'చివరి ప్రమాదం జరిగి ఇన్ని రోజులు' అని ఓ బోర్డు ఉంటుంది. పొద్దున్నే వెళ్లి స్టూలెక్కి ఆ అంకెల పలకలు మార్చడం ఆయన వేరే ఎవరికీ ఇవ్వని పని. రంగులు కలిపే షెడ్డులో రోజూ రెండుసార్లు తిరిగి ప్రతి డ్రమ్మూ తట్టి చూస్తారు కాబట్టి ఆయన బట్టలకీ పొడి బాగానే పడుతుంది. చేతులకి మాత్రం మోచేతుల దాకా గ్లౌజులు. ఆ గ్లౌజులు అత్తగారి శాఖ. కోడలు వాటిని తిరగేసి ఉతకదనీ, లోపల చెమట నిలిస్తే కొడుకు చేతులు పాడవుతాయనీ ఆవిడ బెంగ. కొడుకు చేతుల్ని కాపాడే గ్లౌజుల్ని తల్లి రోజూ ఉత్త చేతులతో రుద్ది ఆరేసేది.

చేతుల సంగతంటారా, ఆ వీధిలో ఫ్యాక్టరీ వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లందరికీ చేతులు పొలుసులు రాలుతూనే ఉంటాయి. ఈ ఊరి నీళ్లు మంచివి కావని అందరూ కలిసి తేల్చేశారు. పక్కింట్లో డ్రమ్ములు నింపే అతని భార్య ఉంది, ఈవిడ ఆవిణ్ణి డ్రమ్ముల వదిన అంటుంది. ఆ వదిన ఎక్కణ్ణుంచో ఓ క్రీము తెచ్చింది. అది ఒక్క డబ్బాయే వీధంతా తిరిగేది, అరువు గొడుగు తిరిగినట్టు. రాసుకుంటే రెండ్రోజులు మంట తగ్గేది. మళ్లీ బకెట్, మళ్లీ మంట. నీళ్లు మంచివి కాకపోతే అవే నీళ్లతో స్నానం చేసే మగవాళ్లకి ఎందుకు రాలేదని ఎవరికీ తట్టలేదు. తట్టడానికి తీరిక ఉండాలి కదా.

ఇదంతా ఇలాగే జరిగిపోయేది, లైబ్రరీలో ఆ వేలిముద్ర యంత్రం పెట్టకపోతే.

ఆమె పుస్తకాలిచ్చే కౌంటర్లో పని చేస్తుంది. ఉత్తరాలు తీసుకుని రిజిస్టర్లో రాసేదీ ఆమే. కొత్తగా హాజరు కోసం గోడకి ఓ యంత్రం బిగించారు. పొద్దున ఓసారి, సాయంత్రం ఓసారి వేలు పెట్టాలి. పచ్చ దీపం వెలిగితే వచ్చినట్టు, ఎర్ర దీపం వెలిగితే రానట్టు. అందరికీ పచ్చ వెలిగింది. ఈమెకి ఎర్ర వెలిగింది. బొటనవేలు, చూపుడువేలు, ఎడమ చెయ్యి, కుడి చెయ్యి, అన్నీ పెట్టింది. తుడుచుకుని పెట్టింది, ఊది పెట్టింది, చిటికెనవేలితో బతిమాలినట్టుగా కూడా పెట్టింది. యంత్రం దేనికీ కరగలేదు.

పెద్ద లైబ్రేరియన్ మంచి మనిషి. ఎవరికీ చెడు చెయ్యడు, మంచి చెయ్యాలంటే పై నుంచి కాగితం రావాలంటాడు. ఆమె రోజూ ఆయన ఎదురుగానే కూర్చుని పని చేసింది, ఆయనకి కావలసిన ఫైళ్లు తీసిచ్చింది, రోజూ గైర్హాజరైంది. ఇరవై రెండో రోజున ఆయన ఓ కవరు తెచ్చి ఇబ్బందిగా కౌంటర్ మీద పెట్టాడు. ఇరవై రెండు రోజులుగా విధులకు రానందున ఉద్యోగం నుంచి ఎందుకు తొలగించకూడదో వారం లోపు రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలని అందులో ఉంది.

"మీరు వస్తున్నారని నాకు తెలుసమ్మా" అన్నాడాయన. "దానికి తెలియాలి కదా."

ఆమె ఆ ఉత్తరం తీసుకుంది. అలవాటు కొద్దీ రిజిస్టర్ తెరిచి నంబరు వేసి, 'రాని ఉద్యోగికి తాఖీదు' అని రాసి, ముట్టినట్టు సంతకం కూడా చేసింది. చేశాక గానీ నవ్వూ ఏడుపూ ఒకేసారి రాలేదు. ఆ కౌంటర్ ఆమెకి ఉత్త జీతం కాదు. ఆ కుర్చీలో కూర్చుంటే ఎవరూ ఆమెని ఫలానా వాళ్ల భార్య అనరు. మేడమ్, ఈ పుస్తకం ఎలా ఉంటుందని అడుగుతారు. ఏ మాట చెప్పినా వింటారు. రోజుకి ఏడు గంటలు తన మాట నలుగురు వినే చోటు ఒకటి ఉంటే, మిగతా పదిహేడు గంటలు ఎలాగోలా గడిచిపోతాయి. అది కూడా పోతే?

మర్నాడు సెలవు పెట్టి చర్మాల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. ఆవిడ అద్దం పెట్టి వేళ్లు చూసి, ఏ ఫ్యాక్టరీలో పని చేస్తారని అడిగింది. లైబ్రరీలో అని చెప్తే నమ్మలేదు. పుస్తకాలు ఇంత పని చెయ్యవమ్మా, అంతకు ముందు ఎక్కడ చేశారో చెప్పమంది. నేనెప్పుడూ ఫ్యాక్టరీ గడప తొక్కలేదండీ, మావారు చేస్తారు అని చెప్పింది. ఆయన చేతులెలా ఉన్నాయని అడిగింది డాక్టరమ్మ. ఆమె కాస్త ఆలోచించి, పసిపిల్లాడి చేతుల్లా ఉంటాయండీ అని చెప్పింది.

డాక్టరమ్మ అద్దం పక్కన పెట్టింది. "ఆయన బట్టలు ఎవరుతుకుతారు?"

పద్నాలుగేళ్లలో ఈ ప్రశ్న ఆమెని ఎవరూ అడగలేదు. ఉతికిన బట్టలు కనిపిస్తాయి, ఉతికిన మనిషి కనిపించదు. జవాబు చెప్పబోతుండగా ఆమెకి తను రాసిచ్చిన అట్ట ఒకటి గుర్తొచ్చింది. ఫ్యాక్టరీలో అతికించడానికి ఆయన పన్నెండు నిబంధనలు రాసుకుని, తన అక్షరాలు కోడిగీతల్లా ఉంటాయని, ఆమె చేతే పెద్ద అట్ట మీద అందంగా రాయించారు. పన్నెండోది ఇంకా కళ్ల ముందుంది. 'రసాయనాలు తగిలిన పని బట్టలు ఇంటికి తీసుకెళ్లరాదు. ఫ్యాక్టరీలోనే ఉతికించవలెను.' ఆ రాత వంకర పోకుండా, తప్పు లేకుండా, కింద ఎర్ర గీత కూడా గీసి, ఇంక తెమలాలని లేచి వెళ్లి, బకెట్లో నానుతున్న ఆయన యూనిఫారం ఉతికింది. ఎంత తెలివైనదానివే తల్లీ, అని తనని తానే తిట్టుకుంది ఆ డాక్టరమ్మ ఎదురుగా కూర్చుని. పుస్తకాలు చదివే మనిషివి, నీ చేత్తో నువ్వు రాసింది నీకే అర్థం కాలేదు.

ఆ మొక్కుబడి చదువుకి ప్రాయశ్చిత్తంగా, ఆ రోజే మధ్యాహ్నం భోజనాల దగ్గర పన్నెండో నిబంధన సంగతి ఎత్తింది. ఆయనకి సెలవు రోజు, తీరిగ్గా తింటున్నారు. జాగ్రత్త, వేడిగా ఉంది అని కూర గిన్నె జరిపి, అది ఇన్‌స్పెక్షన్ వాళ్లు చూడటానికి రాసిందన్నారు. ఫ్యాక్టరీలో ఉతికే గది ఉందా అంటే ఉందన్నారు, రికార్డుల్లో కూడా ఉందన్నారు. మరి బట్టలు ఇంటికెందుకు వస్తున్నాయంటే, ఇంట్లో మనుషులు ఉండగా ఆ గది ఎందుకు పాడు చెయ్యడమన్నారు. ఆ బట్టల వల్లే వేలి గీతలు అరిగిపోయాయని డాక్టరమ్మ చెప్పిన మాట చెప్తే, సబ్బు పడలేదేమో, మార్చి చూడమన్నారు.

"నువ్వు చేసేది ఇంటి పని. ఫ్యాక్టరీ నిబంధనలు ఇంటి పనికి ఎలా వర్తిస్తాయి? కాస్త ఆలోచించి మాట్లాడు."

అత్తగారు మధ్యలో అందుకున్నారు. మా కాలంలో ఇంతకంటే మురికి బట్టలు ఉతికామనీ, మా చేతులు ఏమైనా ఊడిపోయాయా అనీ అడిగారు. అడుగుతూ చూపించిన చేతులు గీతలే లేకుండా, గచ్చు మీద అరగదీసినంత నున్నగా ఉన్నాయి. అది వయసు వల్లేనని ఆవిడ నమ్మకం. ఆమె ఆ వేళ్లని ఒక్క క్షణం ఎక్కువ చూసింది.

అప్పుడే ఆయన ఉత్సాహంగా అసలు కబురు చెప్పారు. బోర్డు మీద అంకె వచ్చే వారానికి వెయ్యికి చేరుతుంది. ప్రమాదం లేని వెయ్యి రోజుల పండుగ చేస్తున్నారు, ప్రభుత్వం నుంచి ఇన్‌స్పెక్టరమ్మ వచ్చి ఆయనకి షీల్డు ఇస్తుంది, ఉద్యోగుల కుటుంబాలన్నిటినీ పిలుస్తున్నారు. లోపల ఎంతమంది ఉన్నారో లెక్క తెలియాలి కాబట్టి గేటు దగ్గర వేలిముద్ర యంత్రం పెట్టిస్తున్నారు. ముద్ర పడనిదే ఎవరూ లోపలికి రాకూడదు. ఈ ఆలోచన పూర్తిగా ఆయనదే.

"ఎలా ఉంది?" అని అడిగారు. ఆమెని ఆయన అభిప్రాయం అడగడం అరుదు.

ఆమె చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. చెప్పేస్తే ఒక్క మాట. ఏమండీ, ఆ యంత్రం వద్దు, పరువు పోతుంది. పద్నాలుగేళ్లుగా ఆయన మరిచిపోయినవి గుర్తు చేసింది, తప్పులు దిద్దింది, గుండీ ఊడితే కుట్టింది. ఇదీ అలాంటి గుండీయే. నోటి దాకా వచ్చింది కూడా.

"చాలా మంచి ఆలోచనండీ" అంది, ముద్ద నోట్లో పెట్టుకుంటూ.

తర్వాత నాలుగు రోజులు సాయంత్రం పూట వీధిలో ఇల్లిల్లూ తిరిగింది. పండుగకి తప్పకుండా రమ్మని, షీల్డు ఇచ్చేటప్పుడు ముందు కుర్చీల్లో కూర్చోవచ్చు కాబట్టి పొద్దున్నే గేటు దగ్గరికి చేరుకోమని చెప్పింది. జాగ్రత్తగారి భార్య ఇంత అభిమానంగా పిలిస్తే ఎవరు రారు? డ్రమ్ముల వదిన ఒక్కత్తే అనుమానపడింది. ఆమె చెయ్యి పట్టుకుని వేళ్లు చూసి, తన వేళ్లు చూసుకుని, లైబ్రరీలో ఏం జరిగిందో అంతకు ముందే విన్నది కాబట్టి, మెల్లగా తల పంకించి, అయితే మేనకోడళ్లని కూడా తెస్తానంది.

పండుగ రోజు గేటుకి కాగితం పూలు కట్టారు. బోర్డు మీద వెయ్యి మెరుస్తోంది. పక్కనే ఆమె అందంగా రాసిన పన్నెండు నిబంధనలు. ఆయన కొత్త యూనిఫారంలో, రుమాలుతో మొహం తుడుచుకుంటూ యంత్రం పక్కన నిలబడ్డారు. వెనక ముప్ఫై మంది ఆడవాళ్లు వరసలో ఉన్నారు. నా కొడుకు పెట్టించిన మెషిను, మొదటి వేలు నాదే అని అత్తగారు అందరినీ తోసుకుని ముందుకొచ్చారు.

ఎర్ర దీపం వెలిగింది.

వాచ్‌మన్ వేలు తుడుచుకోమన్నాడు. తుడుచుకున్నారు. మళ్లీ ఎర్ర. మెషినే బాగాలేదని అత్తగారు పక్కకి తప్పుకున్నారు. డ్రమ్ముల వదిన పెట్టింది, ఎర్ర. మిక్సింగ్ మేస్త్రి భార్య, ఎర్ర. ఆవిడ తోడికోడలు, ఎర్ర. యంత్రం నిజంగానే పాడైందేమోనని జాగ్రత్తగారు తన వేలు పెట్టి చూశారు. టక్కున పచ్చ వెలిగింది. ఆఫీసు గుమస్తా భార్య వచ్చి పెడితే పచ్చ. ఆవిడ భర్త బట్టలకి సిరా తప్ప ఏమీ అంటదు. ఆవిడ వెనకే మళ్లీ వరసగా ఎర్ర, ఎర్ర, ఎర్ర. అప్పటికే ఇన్‌స్పెక్టరమ్మ కారు దిగి, ఎవరూ చూడకుండానే వరస చివర నిలబడి ఉంది. పొట్టి జుట్టు మనిషి, చేతిలో ఓ చిన్న నోటుబుక్కు. కాసేపు దీపం రంగులు రాసుకుని, ముందుకొచ్చి, నలుగురి అరచేతులు తిప్పి చూసింది.

"మీరంతా ఏ సెక్షన్‌లో పని చేస్తారు?" అంది.

జాగ్రత్తగారు కంగారుగా అడ్డొచ్చారు. "వీళ్లు వర్కర్లు కాదు మేడమ్. ఉత్త ఫ్యామిలీలు."

ఆ 'ఉత్త' అనే మాట దగ్గర ఆమెకి భయం పోయింది. వరసలోంచి బయటికి వచ్చింది.

"ఉతుకుడు సెక్షన్ అండీ. నాది పద్నాలుగేళ్ల సర్వీసు" అని చెప్పి, గోడ మీది పన్నెండో నిబంధన దగ్గరికి వెళ్లి, లైబ్రరీలో పిల్లలకి కథ చదివే గొంతుతో, తన అక్షరాలు తనే చదివింది. ఎర్ర గీత దాకా చదివింది.

అత్తగారు తన బొటనవేలు కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూసుకున్నారు. చాలాసేపు చూసుకున్నారు. తర్వాత కొడుకు వైపు తిరిగి, ఆవిడ ఎప్పుడూ మాట్లాడనంత నెమ్మదిగా అడిగారు.

"గ్లౌజుల సంగతి కూడా నీకు ముందే తెలుసా నాన్నా?"

జాగ్రత్తగారు రుమాలు జేబులో పెట్టుకోబోయి కింద పడేసుకున్నారు.

ఇన్‌స్పెక్టరమ్మ ఉతికే గది చూపించమంది. తాళం చెవి కోసం పావుగంట వెతికారు. తలుపు తీస్తే లోపల సభకి మిగిలిన కుర్చీలు, వాటి వెనక నిలువెత్తు మెషిను, ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా. తలుపుకి వేలాడుతున్న రికార్డులో రోజూ యూనిఫారాలు ఉతికినట్టు జాగ్రత్తగారి సంతకాలున్నాయి. మరి ఎందుకు వాడలేదని అడిగితే ఆయనకి నోట్లోంచి నిజమే వచ్చేసింది, అలవాటు మాట కదా.

"పాడైపోతుందని, మేడమ్."

ముప్ఫై మంది ఆడవాళ్లు ఒకేసారి నవ్వారు. ఆ నవ్వు మొదలవడం నవ్వుగానే మొదలైంది గానీ, ఆగేసరికి కొందరు కళ్లు తుడుచుకుంటున్నారు. వాళ్లందరి ఇళ్లలోనూ గుడ్డ కప్పిన మెషిన్లు ఉన్నాయి.

ఆ తర్వాత ఇన్‌స్పెక్టరమ్మ గబగబా ఆర్డర్లు రాసింది. ఎర్ర దీపం వెలిగిన వాళ్లందరికీ కంపెనీయే వైద్యం చేయించాలి. ఈ గాయాలన్నీ ప్రమాదాల కిందే రాయాలి. ఈ నిమిషం నుంచి ఒక్క యూనిఫారం కూడా, ఒక్క గ్లౌజు కూడా గేటు దాటకూడదు. షీల్డు మాట ఆవిడ ఎత్తలేదు, ఎవరూ గుర్తు చెయ్యలేదు. పోతూ పోతూ మాత్రం బోర్డు వైపు చూసి, ఆ అంకె మార్చండి అంది.

జాగ్రత్తగారు స్టూలెక్కారు. వెయ్యి అంకెలోంచి మూడు పలకలు ఒక్కొక్కటే తీశారు. సున్నా ఒక్కటి చాలు. స్టూలు కాస్త ఊగింది. ఆమె దగ్గరలోనే నిలబడి ఉంది.

"జాగ్రత్తండీ" అంది. పట్టుకోలేదు, చెప్పింది.

యూనిఫారం గేటు దాటకూడదన్న ఆర్డరు కొత్త యూనిఫారానికి కూడా వర్తించింది. ఫ్యాక్టరీలో ఆయనవి మామూలు బట్టలు లేవు. ఎప్పుడూ ఇంటి నుంచే వేసుకొచ్చి ఇంటికే వేసుకెళ్లే మనిషాయె. చూడటానికొచ్చే అతిథులకిచ్చే తెల్ల కాగితం సూటు ఒకటి ఇచ్చారు. పట్టపగలు నడి వీధిలో, నడిచినప్పుడల్లా గరగరమంటూ, సేఫ్టీ ఆఫీసరు ఇంటికొచ్చారు. అత్తగారు తలుపు తీసి, పైనుంచి కిందకి చూసి, లోపలికెళ్లి తన గదిలో కూర్చున్నారు. ఆ పూట టీ కొడుకే పెట్టుకోవాల్సి వచ్చింది. గిన్నె ఎక్కడుందని ఆయన అడిగితే, ఉండే చోటే ఉందని ఆమె చెప్పింది. జాలి వేసింది, అబద్ధమెందుకు. గరగరలాడుతూ వంటింట్లో అల్మారాలన్నీ తెరిచి చూస్తున్న మనిషిని చూస్తే ఎవరికి జాలి వెయ్యదు? కానీ జాలికి లేచి వెళ్లే మోకాళ్లు ఇవాళ కూర్చోమన్నాయి. ఆమె కాగితం, కలం తీసుకుని బల్ల దగ్గర కూర్చుంది. సంజాయిషీకి రేపే ఆఖరు రోజు.

మర్నాడు లైబ్రరీలో యంత్రం యథాప్రకారం ఎర్ర దీపం వెలిగించింది. ఆమె దానికి నమస్కారం పెట్టి, కౌంటర్ దగ్గర కూర్చుని, డాక్టరమ్మ సర్టిఫికెట్టూ ఇన్‌స్పెక్టరమ్మ ఆర్డరు నకలూ జతచేసిన తన ఉత్తరాన్ని తనే అందుకుంది, తనే నంబరు వేసింది, తనే ముద్ర కొట్టింది. పెద్ద లైబ్రేరియన్ కళ్లజోడు పెట్టుకుని నిలబడే చదివాడు, ఆ తర్వాత కూర్చుని మళ్లీ చదివాడు. ఉత్తరం పెద్దదేమీ కాదు.

'అయ్యా, ఆ ఇరవై రెండు రోజుల్లో నేను మీ దగ్గర విధులకు రాని రోజు ఒక్కటీ లేదు. నా వేళ్లు మాత్రం పద్నాలుగేళ్లుగా జీతం లేకుండా, సెలవు లేకుండా, గ్లౌజులు లేకుండా ఒక రంగుల ఫ్యాక్టరీలో పని చేస్తున్నాయి. ఆ సంగతి నాకూ ఈ మధ్యే తెలిసింది. నిన్నటితో అవి ఆ ఉద్యోగానికి రాజీనామా చేశాయి. కొత్త చర్మం రావడానికి మూడు నెలలు పడుతుందని డాక్టరుగారు అన్నారు. అంతవరకు నేను వచ్చానో లేదో, దయచేసి తలెత్తి చూసుకోగలరు.'